సెలైన్ సీసాలో ఏముంది?

ఆమధ్య బంధువులావిణ్ణి చూడటానికి నెల్లూరులో ఒక నర్సింగ్ హోముకి వెళ్ళాను. పక్క గదిలో గర్భసంచి ఆపరేషను జరిగినావిడకి తోడుగా వచ్చిన ఆడబిడ్డ, నర్సుతో వాదం పెట్టుకుంది. "సిస్టరమ్మా, ఆ చివరి మంచం ఆమెకి నాలుగు సీసాలెక్కించారు. మా వదినకి రెండేనా? మేమూ డబ్బు కట్టామే!" పాపం, వదిన మీద ప్రేమతో అడిగిన మాటే అది.

సెలైనంటే బలమని మనకో నమ్మకం. మైపాడు వెళ్ళినా, కృష్ణపట్నం వెళ్ళినా "నీరసంగా వుంటే ఓ సీసా పెట్టించుకొచ్చా" అనే ఆడవాళ్ళు కనిపిస్తారు. నిజానికి అరలీటరు సెలైన్ సీసాలో వుండేది నీళ్ళూ, 4.5 గ్రాముల ఉప్పూ. 5 శాతం గ్లూకోజు సీసా అయితే 25 గ్రాముల గ్లూకోజు. చిన్న గిన్నెడు అన్నం ఇంతకంటే ఎక్కువ శక్తినిస్తుంది!

మరి ఆపరేషనులో ఎందుకు ఎక్కిస్తారు? వెన్నులో మత్తు సూది వేస్తే రక్తనాళాలు వదులై బి.పి. పడిపోతుంది. కోతలో కొంత రక్తం పోతుంది. ఆ లోటు తీర్చడానికి ద్రవం కావాలి. తక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది, పేగులు ఉబ్బి కదలిక మందగిస్తుంది. మన తీరంలో రొయ్యల చెరువున్న ఇల్లాలినడగండి, నీళ్ళలో ఉప్పు కొలవకుండా పంట వెయ్యమని చెబుతుంది. ఒంట్లో నీళ్ళకీ అంతే. పక్క మంచం ఆమె బరువు వేరు, పోయిన రక్తం వేరు, గుండె శక్తి వేరు. అందుకే ఆమె సీసాలు వేరు.

ఈ సంగతి మనకే ముఖ్యంగా తెలియాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ వయసులో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. అసలు ఆపరేషను అవసరమా అని మరో డాక్టర్ని అడగటం మొదటి జాగ్రత్త. తప్పదనుకున్నాక మన వంతు పని కొంత వుంది.

గుండెజబ్బు, బి.పి., మూత్రపిండాల జబ్బు వుంటే దాచకుండా చెప్పాలి. పొద్దున్నే ఎవరికీ తెలియకుండా తాగిన కాఫీ సంగతి కూడా! కడుపులో వున్నది మత్తులో వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అలాగని రాత్రినించీ నాలుక పిడచకట్టుకుపోయేలా మాడక్కర్లేదు. తేలికపాటి తిండి, పాల కాఫీ ఆరు గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు రెండు గంటల ముందుదాకా ఇవ్వవచ్చనేది ఇప్పటి పద్ధతి. మీ విషయంలో ఎంతవరకో డాక్టర్నే అడగండి.

ఆపరేషనయ్యాక నీళ్ళిస్తే కుట్లు చీము పడతాయని పెద్దవాళ్ళు భయపెడతారు. అందులో నిజం లేదు. మామూలుగా జరిగిన ఆపరేషనయితే తొందరగా నోటితో తాగించి, 24 గంటల్లోపే సెలైను తీసెయ్యటం మంచిదని నేటి వైద్యం చెబుతోంది. తోడు కూర్చున్నవాళ్ళు సీసా వంక చూడటంతోపాటు మంచం కింది మూత్రం సంచీ వంక కూడా చూడాలి. యాభై కిలోల మనిషికి గంటకి 25 మిల్లీలీటర్లయినా రావాలి. అంతకన్నా తగ్గినా, ఆయాసం వచ్చినా, సూది గుచ్చినచోట వాచినా వెంటనే నర్సుని పిలవాలి.

ఆ ఆడబిడ్డ ప్రేమ తప్పు కాదు. "ఇంకో సీసా పెట్టరా?" అనే బదులు "మా వదినకి ఎప్పటినించి మంచినీళ్ళు పట్టమంటారు?" అని అడిగివుంటే, ఆ ప్రేమ వదినకి ఇంకాస్త అక్కరకొచ్చేది.