ఆ ‘ఆఫ్’ ఎక్కడికి పోయింది?

ఇంగ్లీషులో చిన్న చిన్న మాటలే మన కొంప ముంచుతాయని ఇక్కడ చాలాసార్లు రాశాను. అయితే అలాంటి చిన్న మాట ఒక్కోసారి మనిషి ప్రాణం దాకా వెళ్తుందని నాకు తెలిసింది మాత్రం పోయిన నెలలోనే.

మా వీధి చివర ఓ నర్సమ్మాయి ఉంటుంది. పగలంతా ఆసుపత్రిలో డ్యూటీ, రాత్రిళ్ళు ఓ.ఇ.టి. పరీక్షకు చదువు. విదేశాల్లో నర్సుగా చేరాలని ఆమె కోరిక. ఆ పరీక్షలో ఒక పేషెంటు వివరాలన్నీ ఇచ్చి, వాటితో ఉత్తరం రాయమంటారు. “మాస్టారూ, ఒక్క పది నిమిషాలు చూసిపెట్టండి” అంటూ ఆదివారం పొద్దున్నే కాగితాలు పట్టుకొచ్చింది.

చక్కగానే రాసింది. రెండో పేరాలో మాత్రం నా కళ్ళు ఆగిపోయాయి. ‘ద పేషెంట్ వాజ్ టేకెన్ ఆక్సిజన్ ఇన్ ద మార్నింగ్.’

“అమ్మాయ్, పొద్దున ఆక్సిజన్ పెట్టారా, తీసేశారా?”

“తీసేశారండీ. బాగానే ఊపిరి తీసుకుంటున్నాడుగా!”

“నాకు పెట్టారని అర్థమైందే! ‘టేకెన్ ఆఫ్’ కదా ఉండాలి. ఆ ‘ఆఫ్’ ఎక్కడికి పోయింది?”

“మొదట ‘దే టుక్ హిమ్ ఆఫ్ ఆక్సిజన్’ అనే రాశానండీ. పాసివ్‌లోకి మార్చేటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక తీసేశాను.”

“ఈ కాగితం చూసి నైట్ డ్యూటీ నర్సు మళ్ళీ ఆక్సిజన్ పెడితే?”

ఆ పిల్ల ఏం మాట్లాడలేదు. కాసేపు కాగితం వంకే చూస్తూ కూర్చుంది.

నిజం చెప్పొద్దూ, ఆమెను అనే అర్హత నాకూ లేదు. ఇంగ్లీషు లెక్చరర్‌గా చేరిన కొత్తల్లో మా నాన్నగారికి ఆపరేషన్ అయితే సెలవుచీటీలో ‘మై ఫాదర్ వాజ్ ఆపరేటెడ్ ఎస్టర్‌డే’ అని రాశాను. ప్రిన్సిపాల్ గారు ‘ఆపరేటెడ్’ పక్కన ఎర్ర సిరాతో ‘ఆన్’ చేర్చి, “మీ నాన్నగారు మెషీను కాదు కదయ్యా!” అన్నారు. మెషీన్‌ని ఆపరేట్ చేస్తారు. మనిషినైతే ‘ఆపరేట్ ఆన్’ చేస్తారు. సెలవైతే ఇచ్చారు గానీ, ఆ ఎర్ర సిరా ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది.

ఇంతకీ ఈ తప్పు మనకెందుకు వస్తుంది? ‘ఆఫ్, ఆన్, అప్, ఎట్’ లాంటివి క్రియకు అతికించిన తోకలని, అవసరం లేకపోతే కత్తిరించొచ్చని అనుకుంటాం. కాదండీ, క్రియ, తోక కలిస్తేనే ఒక మాట. ఆ జంటకు ‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది లోగన్ పియర్సల్ స్మిత్, 1925లో వచ్చిన ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ పుస్తకంలో. పేరు అప్పుడు ప్రచారంలోకి వచ్చినా, ఆ జంటలు జనం నోట్లో అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందు నుంచే ఉన్నాయి.

మనకూ ఇది కొత్తేం కాదు. ‘కోర్టు పిటిషన్‌ని కొట్టివేసింది’ అంటాం. ‘వేసింది’ తీసేసి ‘పిటిషన్‌ని కొట్టింది’ అంటే ఎవరైనా నవ్వుతారు. కొట్టడం వేరు, కొట్టివేయడం వేరు. అలాగే ‘టేక్’ వేరు, ‘టేక్ ఆఫ్’ వేరు.

ఇక పాసివ్ సంగతి. ‘చేయబడెను, చూడబడెను’ అని బడిలో చదివిన తెలుగు మనం ఇంట్లో ఎప్పుడైనా మాట్లాడామా? లేదు. అందుకే పాసివ్ అనగానే భయం. కానీ మనం మాట్లాడే తెలుగులోనే దానికి దారి ఉంది. ‘ఆక్సిజన్ తీసేశారు’, ‘మ్యాచ్ రద్దు చేశారు’, ‘దొంగని వదిలేశారు’. ఎవరు తీశారు, ఎవరు వదిలారు? చెప్పం. చెప్పక్కర్లేదు కూడా. ఇలా ఎవరో చెప్పకుండా ‘శారు’ అని ముగించే వాక్యం మీ మనసులో మెదిలిందంటే, ఇంగ్లీషులో అక్కడ చాలాసార్లు పాసివ్ సరిపోతుంది. ‘ద మ్యాచ్ వాజ్ కాల్డ్ ఆఫ్’. ‘ద థీఫ్ వాజ్ లెట్ ఆఫ్’.

ఇక్కడ గుర్తుంచుకోవలసినవి మూడే.

ఒకటి, కర్మ ముందుకు వెళ్తుంది, తోక మాత్రం క్రియతోనే ఉండిపోతుంది. యాక్టివ్‌లో ‘దే కాల్డ్ ద మ్యాచ్ ఆఫ్’ అనాలా, ‘దే కాల్డ్ ఆఫ్ ద మ్యాచ్’ అనాలా అని తికమక పడతాం. రెండూ ఒప్పే. కానీ ‘ఇట్’ వస్తే ‘కాల్డ్ ఇట్ ఆఫ్’ అని మధ్యలోనే ఉండాలి. పాసివ్‌లో ఈ గొడవే లేదు. మధ్యలో దూరే మాట ముందుకు వెళ్ళిపోయింది కాబట్టి ‘కాల్డ్’ వెంటనే ‘ఆఫ్’. పాసివ్ కష్టమని ఎవరన్నారు?

రెండు, పక్కపక్కనే రెండు చిన్న మాటలు వచ్చినా భయపడకండి. ‘ఐ వాజ్ లాఫ్డ్ ఎట్ బై మై ఫ్రెండ్స్’. ‘ఎట్ బై’ అని వినగానే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. దాంతో పిల్లలు ‘ఎట్’ తీసేసి ‘లాఫ్డ్ బై’ అంటారు. అది తప్పు. ‘ఎట్’ నవ్వుకు చెందింది, ‘బై’ నవ్విన వాళ్ళకు చెందింది. ఎవరి చోటు వాళ్ళదే. ఒక్కోసారి మూడు కూడా వరసగా వస్తాయి. ‘షి వాజ్ లుక్డ్ డౌన్ అపాన్ బై హర్ ఇన్‌లాస్’. అత్తింటివాళ్ళు ఆమెను చిన్నచూపు చూశారని. అందులో ఏ ఒక్కటి తీసినా వాక్యం కుంటుతుంది.

మూడు, ప్రతి ఫ్రేజల్ వెర్బూ పాసివ్‌లోకి రాదు. ‘మా బండి దారిలో చెడిపోయింది’ అనడానికి ‘మై బైక్ వాజ్ బ్రోకెన్ డౌన్’ అనేవాళ్ళు నాకు రోజూ కనిపిస్తారు. బండి దానంతటది ఆగిపోయింది కదా, ఎవరూ ఏమీ చేయలేదు. అందుకని ‘మై బైక్ బ్రోక్ డౌన్’. అదే పోలీసులు తలుపు బద్దలు కొట్టి లోపలికి వెళ్ళారనుకోండి, అప్పుడు ‘ద డోర్ వాజ్ బ్రోకెన్ డౌన్’ అన్నది ఒప్పే. అలాగే ‘షి టేక్స్ ఆఫ్టర్ హర్ ఫాదర్’ అంటే నాన్న పోలిక. దాన్ని పాసివ్ చేయకూడదు. పోలిక ఎవరో చేసే పని కాదు మరి.

ఇంటర్వ్యూలకు వెళ్ళే పిల్లలందరికీ తెలియకుండానే ఒక పాసివ్ ఫ్రేజల్ వెర్బ్ వచ్చు. ‘ఐ వాజ్ బార్న్ అండ్ బ్రాట్ అప్ ఇన్ గుంటూర్’. పెంచారు అన్నదే ‘బ్రాట్ అప్’. కాకపోతే కంగారులో ‘ఆర్’ ఎగిరిపోయి ‘బాట్ అప్’ అని రాసేవాళ్ళున్నారు. అప్పుడు ‘నేను గుంటూరులో పుట్టాను, అక్కడే నన్ను కొనేశారు’ అని అర్థం వస్తుంది! అవతల కూర్చున్నాయన నవ్వాపుకోలేకపోతే ఆ తప్పు ఆయనది కాదు.

మా నర్సమ్మాయి మర్నాడు సాయంత్రం కొత్త ఉత్తరంతో వచ్చింది. ‘హి వాజ్ టేకెన్ ఆఫ్ ఆక్సిజన్ ఎట్ 6 ఎ.ఎం. హి ఈజ్ బీయింగ్ లుక్డ్ ఆఫ్టర్ బై హిజ్ డాటర్.’ ఎర్ర పెన్ను తీయాల్సిన పనే పడలేదు.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. “మాస్టారూ, ఇవాళ వార్డులో డ్యూటీ అప్పగిస్తూ ‘ఆఫ్’ అని రెండుసార్లు చెప్పానండీ. వచ్చిన సిస్టర్ నాకేమైందోనని చూసింది.”

చూడనీ. పేషెంటు బాగుంటే చాలు.

ఈ వారం మీ వంతు. బ్రాకెట్లో ఇచ్చిన మాటతో ఇంగ్లీషులో చెప్పండి: మా ప్రయాణం వాయిదా వేశారు (పుట్ ఆఫ్). మా ఫిర్యాదును ఇంకా పరిశీలిస్తున్నారు (లుక్ ఇంటు). రాత్రి కరెంటు పోయింది (గో ఆఫ్). మూడోదాని దగ్గర కాస్త జాగ్రత్త! జవాబులు వచ్చేవారం.