శ్రామికస్త్రీయు ప్రజాప్రాతినిధ్యమును

స్త్రీలకు స్థానములు ప్రత్యేకించుట యొకటి. ఆ స్థానములందు వారు స్వయముగ మాటలాడుట వేఱొకటి. ఈ భేదమును గ్రహించుటకు పోలండు దేశపు హెన్రికా క్షివోనోస్ చరిత్రము మిక్కిలి యుపకరించును.

ఆమె గడాన్‌స్కు రేవుపట్టణమున ట్రాముబండి నడపిన కార్మికురాలు. 1980 ఆగస్టు 15వ తేదీన తన బండిని నిలిపివేసి సమ్మెలో చేరెను. మఱునాడు నౌకానిర్మాణశాలవారి కోర్కెలు తీఱుటతో సమ్మె ముగియనుండెను. పెద్ద కర్మాగారమువారు తమ పని నెఱవేఱినదని యిండ్లకు బోయినచో చిన్నసంస్థల కార్మికుల గతి యేమని యామెయు మఱికొందఱు స్త్రీలును నిలదీసిరి. సమ్మె కొనసాగెను. ఆగస్టు 31వ తేదీన ప్రభుత్వము స్వతంత్ర కార్మికసంఘముల హక్కును అంగీకరించిన యొడంబడికపై వ్రాలు చేసినవారిలో నామె యొకతె. 2015లో ఆమె పోలండు పార్లమెంటునకు ఎన్నికయ్యెను.

శ్రామికపక్షమునుండి శాసనసభలకు నడచినవారి చరిత్రము విడవలూరు ప్రాంతమువారికి క్రొత్త గాదు. సమీపముననున్న అలగానిపాడులో 1913లో భూస్వామికుటుంబమున జనించిన పుచ్చలపల్లి సుందరయ్యగారు తమ యూరి వ్యవసాయకూలీలను సంఘటితపఱచి, పిదప పార్లమెంటునందును శాసనసభయందును వారి పక్షమున పలికిరి. నల్లగొండసీమలో భూస్వామిగృహమునుండియే వచ్చిన మల్లు స్వరాజ్యముగారు వెట్టిచాకిరిపై పోరాడి, 1978, 1983 సంవత్సరములలో తుంగతుర్తినుండి శాసనసభకు ఎన్నికైరి. వీరి త్యాగము చిరస్మరణీయము. అయినను వీరు కూలివారికై పలికినవారు. ట్రాము నడపిన చేయి తానే యొడంబడికపై వ్రాలు చేసినట్లు, నాట్లువేయు చేయి తానే గ్రామశాసనముపై వ్రాలు చేయుట మనలో నేటికిని అరుదు.

ఆంధ్రప్రదేశమున పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. కాని పేరు భార్యది, పెత్తనము భర్తది యగుట పెక్కుచోట్ల కానవచ్చుచున్నది. కూలిస్త్రీని నిలిపినచోటగూడ, ఎదురాడదను నమ్మకముతోనే నిలుపుట గలదు. ఇది చట్టపు అక్షరమును మన్నించి దాని ప్రాణమును దీయుటయే.

భూఖామందులకు మా మనవి యిది. సభకు బోయినందున ఆమెకు మఱునాటి పని తప్పదని మాట యిండు. కూలిరేటును గూర్చియు, త్రాగునీటిని గూర్చియు, శ్మశానమునకు దారిని గూర్చియు ఆమె పలుకునపుడు, మీకు నష్టము తోచినను సాంతముగ వినుడు. మీకు రుచింపని మాటను మీ యెదుట నిర్భయముగ పలుకగలిగిననాడే యామె ప్రతినిధి. అంతదనుక ఆ పీఠము శూన్యమే.