జున్నుకు గడియ, మధువుకు దారి

ఫాల్గుణం ప్రవేశించగానే రాజధానిలోని ఆంగ్ల పత్రికల ఆదివారపు పుటలలో ఒక ఉపదేశం వెలువడటం ఆనవాయితీ అయింది. వసంతకాలంలో ఇంటికి అతిథులను పిలిచినప్పుడు ఏ వైన్‌కు ఏ ఛీజ్ జతపడుతుందో అందులో వివరిస్తారు. దీనిని సంపన్నుల విలాసమని కొట్టిపారేయడం సులభం. కాని ఆ పళ్లెంలోని రెండు పదార్థాల మీద ప్రభుత్వ విధానం ఒక్క తీరుగా లేదు. ఒకదానికి దేశపు వాకిలి తెరుచుకుంటున్నది. రెండవదానికి గడియ బిగుసుకునే ఉన్నది. ఈ తేడాను అర్థం చేసుకోవడానికి ఢిల్లీ డ్రాయింగు రూముల కంటె, తెలుగువారు తరతరాలుగా కాపురమున్న ఖరగ్‌పూర్ మేలైన చోటు.

బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లిన కార్మికులతో ఆ ఊరి వర్క్‌షాపు, రైల్వే బస్తీలు నిండాయి. 1928లో ఆ కంపెనీ కార్మికుల సమ్మెకు నాయకత్వం వహించిన వి.వి. గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. బెంగాల్ అధికార భాషల సరసన తెలుగును చేర్చాలని అక్కడి మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించింది. అసెంబ్లీ ఎన్నికలకు కొద్ది నెలల ముందు జరిగిన ఈ నిర్ణయంలో ఆతిథ్యమెంతో, ఓట్ల గణితమెంతో పాఠకులే ఊహించగలరు.

ముందుగా మాటల సంగతి చూడాలి. ఛీజ్‌ను మనం జున్ను అని అనువదిస్తాము. కాని తెలుగింట జున్నంటే ఈనిన ఆవు, గేదె తొలి పాలతో వండే తీపి పదార్థం. వైన్ మాట కూడ అంతే. మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు కట్టిన దుకాణంలో బ్రాందీ, విస్కీ, బీరు దండిగా దొరుకుతాయి. ద్రాక్షరసం పులియబెట్టిన అసలు వైన్ ఏ మూలనో ఉంటుంది. పేరు ఒకటి, సరుకు మరొకటి. మద్యం విషయంలో మన రాజకీయాల లక్షణమే ఇది.

బెంగాల్‌లో మాత్రం ఛీజ్ పరాయిది కాదు. హుగ్లీ తీరాన పోర్చుగీసువారు స్థిరపడిన బందేల్ పేరుతో ఒక ఛీజ్ నేటికీ కలకత్తా న్యూ మార్కెట్‌లో దొరుకుతున్నది. చిన్న బిళ్లలుగా, ఉప్పగా, పొడిగా ఉంటుంది. పొగ పట్టించినదీ, పట్టించనిదీ రెండు రకాలు. పాలను పుల్లటి పదార్థంతో విరిచే అలవాటు బెంగాలీలకు పోర్చుగీసువారి నుంచే అబ్బి ఉండవచ్చునని ఆహార చరిత్రకారుడు కె.టి. ఆచయ అభిప్రాయం. ఆ విరుగుడే ఛెనా. రసగుల్లా, సందేశ్‌లకు మూలపదార్థం. పాల కొరత కారణంగా 1965లో ప్రఫుల్ల చంద్ర సేన్ ప్రభుత్వం ఛెనా మిఠాయిలను నిషేధించింది. 1967 ఎన్నికలలో కాంగ్రెసు అధికారాన్నీ, సేన్ తన స్థానాన్నీ కోల్పోయారు. ఆ ఓటమికి తిండిగింజల కొరత, ఆహారోద్యమం ప్రధాన కారణాలు. అయినా మనిషి నోటి దగ్గరి విషయంలో ఆజ్ఞలు జారీ చేసే పాలకులు ఆ ఉదంతాన్ని మరువరాదు.

ఇక ఢిల్లీ విధానానికి వద్దాము. 2019 నవంబరులో ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం నుంచి భారత్ వైదొలగడానికి పాడి రైతుల భయం ఒక ముఖ్య కారణం. 2022లో ఆస్ట్రేలియాతో, 2024లో స్విట్జర్లాండు తదితర నాలుగు దేశాల కూటమితో, 2025లో బ్రిటన్‌తో ఒప్పందాలు జరిగినప్పుడు కూడ పాడి ఉత్పత్తులను మినహాయించారు. ఛీజ్‌కు పుట్టిల్లనదగిన స్విట్జర్లాండుతో సంతకాలు చేస్తూ ఛీజ్‌ను గడప బయట నిలపడం చిన్న విషయం కాదు. ఇది సరైన నిర్ణయమే. ఏటా దాదాపు 24 కోట్ల టన్నుల పాలు పిండే ఈ దేశంలో ఆ పాలలో అధికభాగం రెండు, మూడు పశువులున్న ఇళ్ల నుంచి వస్తున్నది. పాడిపై ఆధారపడిన గ్రామీణ కుటుంబాలు 8 కోట్లకు పైబడి ఉన్నాయని కేంద్రమే చెబుతున్నది. ప్రభుత్వ సహాయంతో బలిసిన విదేశీ డెయిరీలతో వారిని పోటీకి దింపడం న్యాయం కాదు.

మధువు విషయంలో మరొక న్యాయం నడిచింది. ఆస్ట్రేలియా వైన్‌పై అప్పటివరకు 150 శాతం సుంకం ఉండేది. ఒప్పందం 2022 డిసెంబరు 29న అమలులోకి రాగానే సీసా ధర 5 డాలర్లకు మించిన వైన్‌పై అది 100 శాతానికి, 15 డాలర్లకు మించిన దానిపై 75 శాతానికి తగ్గింది. పదేళ్లలో ఇవి వరుసగా 50, 25 శాతాలకు దిగుతాయి. చవక సీసాకు రాయితీ లేదు. సీసా ఖరీదు పెరిగిన కొద్దీ సుంకం తగ్గుతుందన్న మాట! నాసిక్ ద్రాక్షతోటలకు పోటీ రాకూడదనే ఈ మెట్లు కట్టామని అధికారులు అంటారు. ఆ వాదంలో నిజం లేకపోలేదు. కాని దాని ఫలితంగా, కలవారి బల్ల మీది సీసాకే ఖజానా ఎక్కువ ఉదారంగా దారి ఇచ్చింది.

అదే సమయంలో కార్మికుని గ్లాసు రాష్ట్రాల ఖజానాకు కామధేనువు. మద్యం రాజ్యాంగంలోని రాష్ట్రాల జాబితాలో ఉన్నది. తాగే మద్యాన్ని జి.ఎస్.టి. పరిధి నుంచి తప్పించారు. మద్యనిషేధానికి కృషి చేయాలని 47వ అధికరణం ఆదేశిస్తున్నా, ఎక్సైజు రాబడి లేనిదే బడ్జెట్లు నిలిచే స్థితిలో పలు రాష్ట్రాలు లేవు. కంపెనీ దొరల కాలపు రైల్వే కాలనీలో క్లబ్బు తాగుడు సంస్కారం, బస్తీ తాగుడు దుర్వ్యసనం. ఆ చూపు దొరలతో పోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించినప్పుడు వారు రుచుల గురించి ప్రశ్నించలేదు. జీతం, కూలి డబ్బు ఇంటికి చేరక ముందే ఎవరు కాజేస్తున్నారని ప్రశ్నించారు. 1995లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం విధించింది. 1997లో అది సడలింది. ప్రశ్న మాత్రం మిగిలే ఉన్నది.

అట్లని ఇంట్లో మితంగా, తన సంపాదనతో, అతిథితో కలిసి ఒక గ్లాసు తీసుకునేవారిని నేరస్థులుగా చూడనక్కరలేదు. అట్టివారికి ఖరగ్‌పూర్ నుంచే ఒక సలహా ఇవ్వవచ్చు. దిగుమతి సరుకు కోసం వెతకడం మాని బందేల్ ఛీజ్ తెచ్చుకోండి. రాత్రంతా నీటిలో నానబెడితే ఉప్పు తగ్గి మెత్తబడుతుంది. ఉప్పదనానికి పులుపు గాని, కొద్దిపాటి తీపి గాని తోడు కావాలి. కనుక నాసిక్‌లో తయారయ్యే శెనాఁ బ్లాఁ వంటి తెల్ల వైన్ బాగా చల్లబరచి ఇస్తే సరిపోతుంది. వగరు ఎక్కువగా ఉన్న ఎర్ర వైన్ తాజా ఛెనాతో పొసగదు. చైత్రపు ఎండలకు అంతకన్నా పొసగదు. తాగనివారికి శ్రీరామనవమి పానకమే ఉన్నది. బెల్లపు తీపి, మిరియాల ఘాటు పొగ పట్టిన ఛీజ్‌కు చక్కని జోడు. ఆరు రుచులను ఒకే గిన్నెలో సమన్వయించే ఉగాది పచ్చడి చేసుకునే తెలుగు గృహిణికి ఈ శాస్త్రం ఎవరూ నేర్పనక్కరలేదు.

ప్రభుత్వం నేర్చుకోవలసినది మాత్రం మరొకటి ఉన్నది. పాల విషయంలో అది గడప దగ్గర నిలబడి, ఈ సరుకు లోపలికి వస్తే ఎవరి జీవనం దెబ్బతింటుందని అడిగింది. మంచి ప్రశ్న. అదే ప్రశ్నను మద్యం విషయంలో కూడ అడగాలి: ఈ రాబడి ఎవరి వంటింటి నుంచి వస్తున్నది? ఖరీదైన సీసాకు ఇచ్చిన రాయితీని గొప్ప విజయంగా ప్రకటించేవారు, రైల్వే బస్తీలో జీతాల రోజున ఇల్లాలికి అందని రూపాయల లెక్క కూడ పార్లమెంటు ముందుంచాలి. పాడి రైతుకు దొరికిన రక్షణ ఆ ఇల్లాలికి దొరకనంత కాలం, మన విధానం పళ్లెంలో సగమే చూసినట్లు.