కంప్యూటర్లు సరే, రైతు లెక్క తేల్చండి

2025 అక్టోబరు 14న విశాఖలో గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం ప్రకటించారు. కృత్రిమ మేధ కోసం ఒక గిగావాట్ సామర్థ్యం, అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. పాలకులు పండగ చేసుకున్నారు. ఆనందపురం మండలం తర్లువాడలోని డి-పట్టా రైతులు మాత్రం ‘మా భూమి సంగతేమిటి?’ అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదని మేము భావిస్తున్నాం.

యంత్రానికి మేము వ్యతిరేకులం కాము. పెద్ద కంప్యూటరు ఇవ్వడానికి అమెరికా పేచీ పెడితే, 1988లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ సీడాక్ 1991 నాటికి ‘పరమ్ 8000’ తయారుచేసి చూపించింది. 2024లో 850 కోట్ల ప్రజాధనంతో పుణెలో ‘అర్క’, నొయిడాలో ‘అరుణిక’ నెలకొల్పారు. వానలు, తుపాన్ల లెక్కలు కట్టడం వాటి పని. విత్తనం ఎప్పుడు వేయాలో తేల్చుకోవడానికి రైతుకు ఆ లెక్క కావాలి.

విశాఖ యంత్రం అలాంటిది కాదు. అది ప్రైవేటు కంపెనీల సొత్తు. వాడే భూమి, నీరు, కరెంటు మాత్రం మనవి. ఒక గిగావాట్ అంటే 5 హెచ్‌పి మోటార్లు రెండు లక్షల అరవై వేలకు పైగా ఒక్కసారిగా ఆడినట్టు. పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు. రైతు మోటారుకు ఇస్తామన్నది 9 గంటలే. దీనికి రాత్రీ పగలూ కావాలి!

ఆ కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. చాలాచోట్ల ఆ వేడిని నీటితోనే చల్లారుస్తారు. నీళ్లు తగ్గిస్తే కరెంటు పెరుగుతుంది. విశాఖ నగరం దాహం తీర్చే తాటిపూడి జలాశయం కింద విజయనగరం జిల్లా రైతుల ఆయకట్టు కూడా ఉంది. కొత్తగా వచ్చే పెద్ద వాడకందారు నీళ్లు ఎక్కడినుంచి తెస్తాడో ముందే చెప్పాలా, వద్దా?

భూమి విషయంలో కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. అసైన్డ్ భూములకూ పట్టా భూములతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లోనే హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. 2013 భూసేకరణ చట్టం కౌలుదార్లను, వ్యవసాయ కూలీలను కూడా బాధితులుగానే గుర్తించింది. ఉన్నవాటిని అమలు చేస్తే చాలు.

కాబట్టి మేము కోరేది ఇదీ: నీటి, కరెంటు ఒప్పందాలు తెలుగులో అచ్చువేసి గ్రామసభల్లో చదివి వినిపించాలి. ఆ కరెంటు భారం ఇతర వినియోగదారుల బిల్లుల్లో పడకూడదు. రాయితీలు పొందే కంపెనీ తన యంత్రాల్లో కొంత సమయాన్ని వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధనకు ఉచితంగా ఇవ్వాలి. పరిహారం చేతికందాకే పొలంలోకి బుల్డోజరు దిగాలి.

ఈ కోర్కెల మీద రైతు, కౌలు రైతు, కూలీ సంఘాలు ఒక్కతాటి మీదికి రావాలి.