అమెరికా ఫుట్‌బాల్: మాటలును, వ్యూహమును

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి బాలుడొకడు విరామ సమయమున నన్ను సమీపించి, "సార్, అమెరికావారి ఫుట్‌బాలులో ఫస్టు డౌను అనగా నేమి?" అని యడిగెను. అతని తండ్రి కాసిపేట బొగ్గుబాయిలో పనిచేయువాడు. ఆ తండ్రి సెల్‌ఫోనులో కుమారుడు ఆ యాటను చూచియుండెను. నాకా సంగతి తెలియదు. అయినను తెలియదని చెప్పుటకు నోరు రాక, "డౌను అనగా క్రింద, కావున మొదట క్రిందపడుట" అని చెప్పితిని. బాలుడు ఒకింత యోచించి, "ఎవరును పడకున్నను ఫస్టు డౌను అనుచున్నారు గదా సార్" అనెను. గంట మ్రోగినదని చెప్పి నేను తరగతికి పోయితిని. ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు.

నాటి సాయంకాలముననే ఆ యాటను గూర్చి చదువ నారంభించితిని. చదివిన పిదప నాకు కలిగిన యభిప్రాయమును పాఠకులకు మనవి చేయుచున్నాను. ఆటలోని మాటలు వట్టి పేర్లు కావు. ఆ యాట ఎట్లు ఆలోచించునో అవి తెలుపును. అర్థము తెలియక వానిని వల్లించుట వ్యర్థము. తెలుగున విప్పి చెప్పినచో మన పిల్లలకు ముందుచూపును నేర్పుటకు అవి మంచి సాధనములగును.

మొదట డౌను సంగతి. ఆ యాట రగ్బీ నుండి రూపుదిద్దుకొన్నది. 1880లో యేల్ కళాశాలకు చెందిన వాల్టర్ క్యాంప్ సూచనచే, బంతి ఒక పక్షమువారి వశమున నుండగా రెండు జట్లును గీతకు ఇరువైపుల మోహరించి ఆడు నియమము వచ్చెను. దానివలన నొక చిక్కు కలిగెను. 1881లో యేల్, ప్రిన్స్‌టన్ జట్లు చెరి సగము కాలము బంతిని విడువక తమయొద్దనే నిలుపుకొనగా ఆట సున్నకు సున్నగా ముగిసెను. మరుసటి సంవత్సరమే, మూడు విడతలలో ఐదు గజములు ముందుకు పోవలెననియు, పోలేనిచో బంతిని ఎదిరివారికి ఈయవలెననియు నియమించిరి. 1906లో ఐదు గజములు పదియాయెను. 1912లో మూడు విడతలు నాలుగాయెను. నేటికిని అదియే లెక్క. బంతి కదలినది మొదలు ఆట నిలిచిపోవు వరకు జరుగునదియే డౌను. నేను దానిని 'విడత' అందును. పది గజములు గడచినచో మరల నాలుగు విడతలు లభించును. అదియే ఆ బాలుడడిగిన 'మొదటి విడత'.

నాలుగవ విడతయందు ఆటగాండ్ర వివేకము బయటపడును. మిగిలినది ఒక్క గజమే యనుకొనుడు. సాహసించి గడచినచో మేలు; తప్పినచో ఆ చోటనే బంతి ఎదిరివారిదగును. గోలుస్తంభములు చేరువనున్నచో వాని నడుమ బంతిని తన్ని మూడు పాయింట్లు పొందవచ్చును. అవి దూరమైనచో 'పంటు' చేయుదురు, అనగా బంతిని దూరముగా తన్ని ఎదిరివారిని వెనుకకు నెట్టుదురు.

ఇది మనకు క్రొత్తయా? చెడుగుడు ఆడిన ప్రతివాడును ఈ గుండెదడ నెరుగును. 2014లో ఆరంభమైన ప్రో కబడ్డీ లీగులో మన తెలుగు టైటన్స్ ఆడుచున్న నియమము చూడుడు: ఒక జట్టువారి రెండు కూతలు వరుసగా వట్టివైనచో, మూడవ కూతకు పోయినవాడు పాయింటు తేవలెను, లేదా తానే బయటకు పోవలెను. ఈ పోలికతో చెప్పినచో నాలుగవ విడత మన పిల్లలకు క్షణములో బోధపడును.

నాకు మిక్కిలి నచ్చిన మాట 'హడిల్'. ప్రతి విడతకు ముందు ఆటగాండ్రు తలలు దగ్గరగా చేర్చి చేయు మంతనమిది. వాషింగ్టన్ నగరమందలి గాలడెట్ అను బధిరుల కళాశాలలో 1894 ప్రాంతమున పాల్ హబ్బర్డ్ అను విద్యార్థి దీనిని ఆరంభించెనని చెప్పుదురు. వారు చేతి సంజ్ఞలతో మాటలాడువారు. ఆ సంజ్ఞలను ఎదిరివారు చూడకుండుటకు వలయముగా నిలిచిరి. వినలేని బాలురు కనిపెట్టిన యుపాయమును నేడు లోకమంతయు అనుసరించుచున్నది. మంతనము నడపువాడు క్వార్టర్‌బ్యాక్. ఆ పేరు అతడు నిలుచు చోటును బట్టి వచ్చినది. అతని పనిని బట్టి చూడగా 'సూత్రధారి' యనుట తగియుండును.

అన్నిటికిని తెలుగు మాట కల్పింపవలెనని నా వాదము కాదు. మన బాయిపని వారు షిఫ్టు, మస్టరు, టబ్బు అను మాటలను తమవిగా చేసికొన్నారు. ఎవరికిని కష్టము తోచదు. పేరు మాత్రమే యైన మాటను అట్లే యుంచుదము. లోపల ఆలోచన దాగియున్న మాటను విప్పుదము.

మన కేల ఈ పరదేశపు ఆట యని కొందరడుగుదురు. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. ఆ యాటలో ఒడలితో ఒడలిని ఢీకొట్టుట ప్రధానము. 1905లో పలువురు యువకులు మరణింపగా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్టు కళాశాలలవారిని పిలిపించి మందలించెను. మరుసటి యేడు బంతిని ముందుకు విసరుటకు అనుమతించి ఆటను సంస్కరించిరి. అయినను అపాయము తీరలేదు. మృతినొందిన యొక ఆటగాని మెదడును పరీక్షించిన బెనెట్ ఒమాలు అను వైద్యుడు, పలుమారులు తగిలిన దెబ్బలచే కలుగు వ్యాధిని 2005లో ప్రకటించెను. బాయిలోనికి దిగువారి బిడ్డలకు తల విలువ వేరుగా చెప్పనక్కరలేదు. కావున ఢీకొట్టు ఆటను మన మైదానమునకు తేవలదు. నడుమునకు కట్టిన గుడ్డపట్టీని లాగినంతనే విడత ముగియు ఫ్లాగ్ ఫుట్‌బాల్ మనకు తగినది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో పురుషులకును స్త్రీలకును దీనిని చేర్చుటకు 2023లో నిర్ణయించిరి. మన బాలికలును ఆడవచ్చును. ఇనుపతెరల టోపీలు కొననక్కరలేదు.

2012లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా పోటీలలో హైదరాబాదు స్కైకింగ్స్ అను జట్టు ఆడినది. ఆ లీగు మన యూళ్లలో వేరూనలేదు. కారణములనేకము లుండవచ్చును. నాకు తోచునది యొకటి: మాట బోధపడని ఆటను మనుష్యుడు ఎంతసేపు చూచును?

వారము దినముల పిదప ఆ బాలుని పిలిచి, నేను తప్పు చెప్పితినని యొప్పుకొని, నల్లబల్లపై గీతలు గీచి విడతల లెక్క వివరించితిని. అతడు తన స్నేహితులను నలుగురిని పిలుచుకొని వచ్చి మరల చెప్పుమనెను. తెలియనిదానిని తెలియదనుటకు ఉపాధ్యాయుడు సిగ్గుపడరాదు. నాడు నేను ఆ మాటయే చెప్పియుండినచో, ఆ యాటను ఆ బాలుడును నేనును కలిసియే నేర్చుకొనియుందుము.