మన చేతిపనులు: గాలపుటీగకు నాచుకాపు



అమెరికాలో కాపురముండు తెలుగు సోదరి యొకరు మాకు జాబు వ్రాసిరి. వారి పండ్రెండేండ్ల కుమారునకు చెరువుగట్టున గాలము వేయుట మిక్కిలి ప్రీతి. అంగడిలో కొనుట వ్యయమని తల్లియే యింట కూర్చుండి ఈకలతోను, వెండ్రుకలతోను గాలపుటీగలను కట్టి యిచ్చుచున్నారు. ఒక్క యుదయముననే మూడింటిని నాచు పట్టుకొనినదట. మూడవదానిని తెచ్చుకొనుటకై బాలుడు నీట దిగి, బురదలో కాలు దిగబడగా, ప్రక్కనున్నవారు చేయి యందిచ్చి గట్టెక్కించిరట. "వీని వేడుకను మాన్పింపవలయునా, లేక యుపాయ మేమైన గలదా?" అని వారి ప్రశ్నము. మాన్పింప నక్కరలేదు, ఉపాయము కలదు. దానినే యీ మాసమున వివరింతుము.

చేపల గాలమునకును స్త్రీల పత్రికకును పొత్తేమి యని కొందరు శంకింపవచ్చును. గాలపుటీగ యనగా జీవముగల పురుగు గాదు. ఇనుపగాలము మీద దారముతో ఈకలను, వెండ్రుకలను చుట్టి పురుగువలెనో, కప్పవలెనో, చిన్నచేపవలెనో కనబడునట్లు చేయు బొమ్మ. ఇది సూదిపనికి తోబుట్టువు. అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున, మాంచెస్టరు గ్రామమున మేరీ ఆర్విస్ మార్బరీ యను నామె 1876లో తన తండ్రిగారి దుకాణమున ఈ యీగలు కట్టు శాఖను చేపట్టి, యువతులకు పని నేర్పి నడపెను. ఆ దినములలో ఒక్కొక యీగ ఒక్కొక చోట ఒక్కొక పేరుతో చెల్లుచుండెడిది. ఆమె ఆయా ప్రాంతముల జాలరుల యుత్తరములను కూర్చి, ఈగల పేర్లను, చరిత్రలను, రంగుల పటములతో 1892లో పెద్ద గ్రంథముగా ప్రకటించెను. బాసు చేపలకు కట్టు నీగలును అందు గలవు. కావున నిది స్త్రీల పనియే యనుటకు మాకు సంకోచము లేదు.

ఇక బాసు సంగతి. పెద్దనోటి బాసు అను చేప నిర్మలమైన నడినీటికంటె నాచుదుబ్బులను, కలువాకుల నీడలను, మునిగిన దుంగలను ఎక్కువ కోరును. అచ్చట పొంచియుండి, దగ్గరకు వచ్చిన కప్పను, చిన్నచేపను గుటుక్కున మ్రింగును. చేప యున్నచోటనే గాలము వేయవలెను. వేసిన గాలపుమొనకు నాచు తగులుకొనును. ఈ చిక్కును తీర్చునదే నాచుకాపు.

దీనికి కావలసినది బిరుసైన నైలాను తీగ. గాలపు కమ్మి ఎంత లావో తీగయు నంతయో, కొంచెము సన్ననో యుండవలెను. సాధారణపు బాసు గాలమునకు సుమారు అర మిల్లీమీటరు తీగ చాలును. అయిదారంగుళముల ముక్కను కోసికొని, ఒక కొనను పట్టకారుతో కొంచెము నొక్కి చదును చేయుడు. అట్లు చేసినచో కట్టు జారదు.

ఈకలు కట్టకముందే గాలపు వంపున ఈ కొనను నిలిపి, వంపు సగము దిగువరకు దారమును ఒత్తుగా చుట్టుడు. మిగిలిన తీగను వెనుకకు వ్రేలాడనిండు. పిమ్మట తోక, ఒడలు యథావిధిగా కట్టుడు. జింకవెండ్రుకలలో గాలి నిండియుండును గావున వానితో కట్టిన యీగ నీటిపై తేలును. పని ముగిసిన తరువాత వెనుక నున్న తీగను మొనక్రిందుగా ముందునకు తెచ్చి, గాలపుకంటి వెనుక రెండు మూడు చుట్లు మాత్రము వేయుడు. అప్పుడు తీగ ఒక ఉచ్చువలె మొనను చుట్టియుండును. ఉచ్చు మొనకంటె మూడు నాలుగు మిల్లీమీటరులు క్రిందుగా నుండునట్లు సరిచూచి, కొనను మడచి గట్టిగా కట్టి, మిగులును కత్తిరించి, ముడిపై వార్నిషు పూయుడు.

కట్టినంతనే సరిపోదు, పరీక్షింపవలెను. వ్రేలితో ఉచ్చును మెల్లగా నొక్కినచో వంగి మొన బయటపడవలెను. వ్రేలు తీయగానే మరల యథాస్థానమునకు రావలెను. వంగనిచో చేప నోట మొన నాటదు. నిలువనిచో నాచు తప్పదు. తరువాత నొక పాత తువాలుపై నీగను ఈడ్చి చూడుడు. మాటిమాటికి తగులుకొనుచున్నచో ఉచ్చు ఒక ప్రక్కకు ఒరిగియుండును, లేదా తీగ సన్నమైయుండును. అయినను దట్టమైన నాచులో ఏ కాపును పూర్తిగా రక్షింపదని యెరుగుడు.

ఆ సోదరికి మరి మూడు మాటలు. పిల్లవాని గాలమునకు లోపలి ముల్లును పట్టకారుతో అణచియిండు. చేతికి గ్రుచ్చుకొనినను సులభముగా వచ్చును, విడిచిపెట్టదలచిన చేపకును గాయము తక్కువ. తెగిన నైలానును గట్టున పారవేయనీయకుడు. అది యేండ్ల తరబడి చివుకక, పక్షుల కాళ్లకు చుట్టుకొని ప్రాణము తీయును. తుదిమాట యన్నిటికంటె ముఖ్యము: చిక్కిన యీగకై నీట దిగరాదని, దారమును త్రెంచుకొని వచ్చినందుకు ఇంట నెవ్వరును కోపింపరని వానికి ముందుగనే చెప్పుడు. తల్లి రాత్రి కూర్చుండి కట్టిన యీగ యని యెరిగియే వాడు దానికై నీట దిగియుండును. ఈగను మరల కట్టవచ్చును.