ముద్ర చూసి మురిసిపోవద్దు

వంటగదిలో బిగించే వాటర్ అయనైజర్ కొనబోతే అమ్మకందారు ముందు చూపేది ఐఎస్ఓ 9001 ముద్రనే. అది తయారీ సంస్థ నిర్వహణ పద్ధతికి ఇచ్చే గుర్తింపు, గ్లాసులోకి వచ్చే నీళ్లకు హామీ కాదు. తాగునీటి పీహెచ్ 6.5–8.5 మధ్య ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 10500 చెబుతుంటే, ఈ యంత్రాలు 9.5ను ఘనతగా చాటుకుంటాయి. వీటిలో జరిగే విద్యుద్విశ్లేషణ నీటి క్షారతను పెంచుతుందే తప్ప ఫ్లోరైడును తొలగించదు. ఫ్లోరైడు పీడ అనుభవించిన నల్లగొండ వంటి చోట్ల ఇది చిన్న తేడా కాదు.

జపాన్ ఈ యంత్రాన్ని వైద్య పరికరంగా గుర్తించింది కదా అంటారు. నిజమే, కానీ ఆ గుర్తింపు జీర్ణకోశ ఇబ్బందుల ఉపశమనం వరకే. మధుమేహం, క్యాన్సర్ తగ్గుతాయన్న మాటలకు అది పూచీ పడదు. వారంటీనీ ఇలాగే తరచి చూడాలి. బోరు నీటిలోని సున్నం యంత్రంలోని ప్లాటినం పూత పూసిన టైటానియం పలకలపై తెల్లగా పెచ్చు కడుతుంది. ఆ నష్టం వారంటీ కిందికి రాదని చిన్న అక్షరాల్లో ఉంటే, ఎన్నేళ్ల హామీ అయినా నీటిమూటే. ముద్రలన్నీ బూటకమని కాదు, ఏ ముద్ర దేనికో అడగాలి. పలకల హామీ, సర్వీసు బాధ్యత బిల్లుతోపాటు రాయించుకోవాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అండగా ఉన్నా, వినియోగదారుల కమిషన్ ముందు నిలబడేది నోటిమాట కాదు, కాగితమే.